రెండడుగులా, మూడడుగులా: కమ్యూనిటీ చేపలకు ఏ సైజు అక్వేరియం?

అక్వేరియం కొనబోయేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని లీటర్లది తీసుకోమంటారు?" అని. లీటర్ల లెక్క అవసరమే గానీ, దానితోనే మొదలుపెడితే ఎంపిక దారి తప్పుతుంది. 30×12×12 అంగుళాల ట్యాంకులోనూ, 18×12×20 అంగుళాల ట్యాంకులోనూ పట్టే నీళ్లు ఒక్కటే, దాదాపు 71 లీటర్లు. మొదటిదానిలో చేప రెండున్నర అడుగులు తిన్నగా ఈదుతుంది. రెండోదానిలో అడుగున్నర వెళ్లేసరికి అద్దం అడ్డొస్తుంది. గాలి తగిలే నీటి ఉపరితలం చూస్తే మొదటిదానికి 360 చదరపు అంగుళాలు, రెండోదానికి 216. నీళ్లలోకి ఆక్సిజన్ చేరేదీ, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేదీ ఆ ఉపరితలం నుంచే. కాబట్టి అవే 71 లీటర్లలో పొడవాటి ట్యాంకు ఎక్కువ చేపల్ని పోషిస్తుంది, నిలువుది తక్కువ చేపల్ని. పైగా చేపలు అడ్డంగా ఈదే జీవాలు, లిఫ్టులో మనుషుల్లా పైకీ కిందకీ తిరగవు.

అందుకే ముందు పొడవు, తర్వాత వెడల్పు, ఆఖరున ఎత్తు చూడాలి. లీటర్లు కావాలంటే మూడు కొలతల్నీ అంగుళాల్లో గుణించి 61తో భాగించండి. 24×12×12 అయితే 57 లీటర్లు వస్తుంది. రాళ్లు, దుంగలు, పైన వదిలే ఖాళీ పోను నిజంగా ఉండే నీళ్లు ఇందులో 10 నుంచి 15 శాతం తక్కువే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రకరకాల చిన్న చేపల్ని కలిపి పెంచాలనుకుంటే (కమ్యూనిటీ ట్యాంకు అనేది దీన్నే) రెండడుగుల పొడవున్న ట్యాంకు కనీస పరిమాణం. చోటు ఉంటే మూడడుగులది మేలు, కొత్తవాళ్లకు మరీ మేలు. నాలుగడుగులది కొన్ని ప్రత్యేకమైన చేపల మీద మనసు పడ్డవాళ్లకే అవసరం. అడుగు, అడుగున్నర ట్యాంకులు కమ్యూనిటీకి సరిపోవు.

చిన్న ట్యాంకుతో మొదలుపెడితే సులువా?

"ముందు చిన్నది తీసుకుని నేర్చుకుంటాం, తర్వాత పెద్దది కొంటాం" అనేవాళ్లు చాలామంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చేపల విషయంలో చిన్న ట్యాంకే కష్టమైన పాఠం. ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది.

పొరపాటున ఒక గ్రాము మేత ఎక్కువ వేశారనుకోండి. చేపలు తినలేదు, రాళ్ల సందుల్లోకి పోయి కుళ్లింది. చేపల మేతలో 45 శాతం ప్రోటీన్ ఉందనుకుంటే, ప్రోటీన్‌లో నైట్రోజన్ 16 శాతం ఉంటుంది కాబట్టి, ఆ గ్రాములో నైట్రోజన్ సుమారు 70 మిల్లీగ్రాములు. అదంతా అమ్మోనియాగా మారితే అడుగు ట్యాంకులోని 25 లీటర్లలో లీటరుకు 2.8 మిల్లీగ్రాములు అవుతుంది. రెండడుగుల ట్యాంకులోని 60 లీటర్లలో 1.2. మూడడుగుల ట్యాంకులోని 140 లీటర్లలో 0.5. కుదురుకున్న ట్యాంకులో ఫిల్టర్‌లోని బాక్టీరియా దీన్ని తినేస్తూ ఉంటుంది కాబట్టి అసలు అంకె ఇంతవరకు పోదు. కొత్త ట్యాంకులో మాత్రం ఆ బాక్టీరియా ఇంకా పెరగలేదు. చెయ్యి జారడం అనేది మొదటి నెలల్లో అందరికీ జరిగేదే. పెద్ద ట్యాంకులో ఆ పొరపాటుకు కొన్ని నీళ్లు మారిస్తే సరిపోతుంది, చిన్నదానిలో చేపల ప్రాణాలకే ముప్పు రావొచ్చు.

నీటి వేడి విషయంలోనూ ఇంతే. ఎండ పడినా, కరెంటు పోయి హీటర్ ఆగినా 25 లీటర్లు త్వరగా వేడెక్కుతాయి, త్వరగా చల్లబడతాయి. వేడి పెరిగే కొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది కూడా: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల చిల్లర కరిగేది 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు దిగుతుంది. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కువున్న నీళ్లలో, వేడి నీళ్లలో అమ్మోనియా విషం మరింత పదును తేలుతుంది. ఇవన్నీ ఒకేసారి వచ్చిపడేది చిన్న ట్యాంకుల్లోనే.

అయితే అడుగు, అడుగున్నర ట్యాంకులు ఎందుకు మరి? ఒక్క ఫైటర్ చేపకు, చిన్న రొయ్యలకు, చేప పిల్లల్ని విడిగా పెంచుకోవడానికి బాగుంటాయి. గాజు గిన్నెల సంగతి మాట్లాడను. అవి పూలు పెట్టుకోవడానికి బాగుంటాయి.

అంగుళానికి గ్యాలన్ లెక్క

చేప పొడవు ఒక్కో అంగుళానికి ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్ల నీళ్లు ఉండాలన్న సూత్రం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. గప్పీలు, నియాన్ టెట్రాల వంటి చిన్నవాటికి ఉజ్జాయింపుగా పనికొస్తుంది. చేప పెరిగే కొద్దీ ఈ లెక్క చెడుతుంది. పొడవు రెట్టింపైతే బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. నాలుగు సెంటీమీటర్ల చేపలు పది, నలభై సెంటీమీటర్ల చేప ఒకటి: సూత్రం ప్రకారం రెండూ సమానం. ఆకారం ఒకేలా ఉందనుకుంటే ఆ పెద్ద చేప ఒక్కో చిన్న చేపకు వెయ్యి రెట్ల బరువు. తినేదీ, విసర్జించేదీ ఆ స్థాయిలోనే ఉంటుంది.

ఇంకో లోపం, అది ఈత గురించి ఏమీ చెప్పదు. జీబ్రా డేనియో పెరిగితే నాలుగైదు సెంటీమీటర్లే, కానీ రోజంతా పరుగే దాని పని. అంతే పొడవున్న చెర్రీ బార్బ్ ఆకుల మధ్య నింపాదిగా తిరుగుతుంది. చెర్రీ బార్బులకు రెండడుగులు చాలు, డేనియోలకు మూడడుగులుంటేనే చూడముచ్చటగా ఉంటుంది. కొనేటప్పుడు చేప ఇప్పుడున్న సైజు కాకుండా ఎదిగాక వచ్చే సైజు, ఎంత చురుగ్గా తిరుగుతుంది, ఎందరితో కలిసి ఉంటుంది అన్న మూడూ అడగాలి.

మూడోది చాలామంది పట్టించుకోరు. టెట్రాలు, రాస్బోరాలు, బార్బులు, డేనియోలు, కోరిడోరాస్ గుంపుగా బతికేవి. ఆరుకు తగ్గితే భయపడి మూల చేరతాయి, రంగు తగ్గుతాయి, కొన్ని తోటి చేపల తోకలు కొరుకుతాయి. ఎనిమిది, పది ఉంటే వాటి అసలు నడవడి కనిపిస్తుంది. రంగురంగులుగా ఉంటుందని ఒక్కో రకం రెండేసి చొప్పున ఎనిమిది రకాలు తెచ్చిన ట్యాంకు కంటే, రెండు రకాలే ఎనిమిదేసి ఉన్న ట్యాంకు చూడ్డానికీ బాగుంటుంది, చేపలకూ బాగుంటుంది. అంటే ఎన్ని లీటర్లు అన్న ప్రశ్న చివరికి ఎన్ని గుంపులు అన్న ప్రశ్నగా మారుతుంది.

రెండడుగుల ట్యాంకులో ఏం పడుతుంది

రెండడుగుల్లోనే మూడు నాలుగు రకాల కొలతలు దొరుకుతాయి. 24×12×12 అంటే 57 లీటర్లు, 24×12×15 అంటే 71, 24×12×18 అంటే 85. వీటిలో నేను 15 ఎత్తున్నది తీసుకోమంటాను. 12 ఎత్తుకూ దీనికీ తేడా చిన్నదిగా కనిపించినా మొక్కలకు, నీటి పరిమాణానికి ఆ మూడంగుళాలు కలిసొస్తాయి. 18కి వెళితే నీళ్లు పెరుగుతాయి గానీ ఉపరితలం, ఈత దూరం అంతే ఉంటాయి. అదే ఎత్తుకు వెడల్పు కూడా 18 చేయించుకునే వీలుంటే, అంటే 24×18×18, అది 127 లీటర్ల మంచి ట్యాంకు. వెడల్పున్న ట్యాంకులో చేపలు తిరగడానికి చోటు, వెనకాల మొక్కలకు లోతు రెండూ వస్తాయి. 12 అంగుళాల వెడల్పులో ఎంత అలంకరించినా గోడకు అతికించిన బొమ్మలాగే ఉంటుంది.

71 లీటర్లలో ఎనిమిది నుంచి పది నియాన్ టెట్రాలు, అడుగున ఆరు పాండా కోరిడోరాస్, పైన ఒక జత హనీ గౌరామీలు. ఇంతే, నిండినట్టే. నియాన్ల బదులు హార్లెక్విన్ రాస్బోరాలు ఎనిమిది పెట్టుకోవచ్చు. డ్వార్ఫ్ గౌరామీ అయితే ఒక్క మగదే. రెండు మగవి రెండడుగుల్లో ఉంటే బలహీనమైనదానికి పారిపోవడానికి చోటుండదు.

గప్పీలు, ప్లాటీలు ఈ సైజుకు సరిగ్గా సరిపోతాయి, కాకపోతే వాటి లెక్క మొదటి నెల వరకే నిలుస్తుంది. ఆడ గప్పీ దాదాపు నెలకోసారి పిల్లల్ని పెడుతుంది, ఒక్కోసారి ఇరవై ముప్పై. మగ చేప లేకపోయినా ముందు దాచుకున్న వీర్యంతో కొన్ని నెలలపాటు పెడుతూనే ఉంటుంది. ఎనిమిదితో మొదలైన ట్యాంకు ఆరు నెలల్లో కిక్కిరిసిపోతుంది. పిల్లల్ని ఎవరికైనా ఇచ్చే దారి లేకపోతే మగ గప్పీలనే తెచ్చుకోండి, రంగూ వాటికే ఎక్కువ.

మూడడుగులకు వెళ్తే

36×15×18 అంటే దాదాపు 159 లీటర్లు. పొడవు ఒక్క అడుగే పెరిగింది గానీ నీళ్లు 71 లీటర్ల ట్యాంకుకు రెట్టింపు దాటాయి. దీనితో వచ్చే అసలు లాభం ఎక్కువ చేపలు పట్టడం కాదు. గుంపులు రెండు మూడు పెట్టినా వేటి చోటు వాటికి ఉండటం. పన్నెండు టెట్రాలు మధ్యలో, ఎనిమిది చెర్రీ బార్బులు మొక్కల్లో, ఎనిమిది కోరిడోరాస్ అడుగున, ఒక బ్రిసిల్‌నోజ్ ప్లెకో (సక్కర్ చేపల్లో చిన్నగానే ఉండిపోయే రకం), ఒక జత గౌరామీలు. ఒకటి ఇంకోదాన్ని తరిమినా దానికి కనబడకుండా పోయే దూరం ఉంటుంది. చేపల పోట్లాటల్లో సగం ఈ దూరం లేకపోవడం వల్ల వచ్చేవే.

టైగర్ బార్బులు ఇష్టమైతే మూడడుగులు కావాల్సిందే. పదికి తగ్గకుండా ఉంచితే కొరుక్కోవడం వాటిలో వాటికే సరిపోతుంది. ఎంత పెద్ద గుంపున్నా ఏంజెల్స్, గౌరామీలు, పొడవు తోక గప్పీల పక్కన మాత్రం వద్దు. మోలీలూ, స్వోర్డ్‌టెయిళ్లూ పది సెంటీమీటర్లకు చేరతాయి కాబట్టి వాటికీ ఇదే సైజు నయం.

ఏంజెల్ చేప దగ్గర ఎత్తు లెక్కలోకి వస్తుంది. ఎదిగిన ఏంజెల్ పై రెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా 20 సెంటీమీటర్లు దాటుతుంది. 12 అంగుళాల ఎత్తున్న ట్యాంకులో రెండంగుళాలు రాళ్లకు, ఒక అంగుళం పైన ఖాళీకి పోతే మిగిలేది తొమ్మిది అంగుళాలు, అంటే 23 సెంటీమీటర్లు. చేప నిలబడితే నిండిపోతుంది. 18 ఎత్తు తప్పనిసరి. ఇంకో విషయం, చిన్నప్పుడు నియాన్లతో స్నేహంగా తిరిగిన ఏంజెల్ పెద్దయ్యాక వాటిని తినేస్తుంది. దాని నోట్లో పట్టేది దానికి మేతే.

నాలుగడుగులు ఎవరికి

48×18×18 ట్యాంకు 255 లీటర్లు. నాలుగైదు ఏంజెల్స్‌ని కలిపి ఉంచాలన్నా, బోసెమాని రెయిన్‌బోలు, కాంగో టెట్రాలు, పెర్ల్ గౌరామీల వంటి పది సెంటీమీటర్ల దరిదాపు చేపల గుంపులు కావాలన్నా ఇక్కడికి రావాలి. పాతిక ముప్పై చిన్న టెట్రాలు ఒకే గుంపుగా తిరగడం చూడాలన్నా ఇదే. ఆ దృశ్యం కోసం నాలుగడుగులు కొన్నవాళ్లను నేను తప్పుపట్టను.

కానీ బరువు మర్చిపోకండి. నీళ్లు, అద్దం, రాళ్లు కలిపి ఇది 300 కిలోలు దాటుతుంది. మూడడుగులది 200 కిలోల దగ్గర, 71 లీటర్ల రెండడుగులది 90 కిలోల దగ్గర ఉంటుంది. రెండడుగులదాన్ని గట్టి బల్ల మీద పెట్టొచ్చు. నాలుగడుగులదానికి స్టాండు అడుగడుగునా సమంగా ఉండాలి, గోడ వారగా పెట్టాలి, పై అంతస్తులో అయితే నేల సంగతి తెలిసినవాళ్లను అడగాలి. స్టాండు ఏ కొంచెం వాలినా ఒత్తిడంతా ఒక మూల జాయింటు మీద పడుతుంది. చదును అడుగున్న గాజు ట్యాంకు కింద థర్మాకోల్ షీట్ వేస్తే చిన్న ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి.

అద్దం మందం పొడవుకంటే ఎక్కువగా ఎత్తును బట్టి పెరగాలి. నీటి ఒత్తిడి లోతుతోనే పెరుగుతుంది. 24 అంగుళాల ఎత్తున్న ట్యాంకులు గొప్పగా కనిపిస్తాయి, అద్దం మందంగా ఉండాలి, లైటు అడుగు మొక్కలకు అందదు, రాళ్లు శుభ్రం చేయాలంటే చంక దాకా చెయ్యి ముంచాలి. ఇంట్లో పెంచుకునేవాళ్లకు 18 దగ్గర ఆగడం తెలివైన పని.

ఏ సైజు తీసుకున్నా సరిపడనివి

షాపులో వేలెడంత ఉండి తర్వాత ఎదిగే చేపలు కొన్నున్నాయి. సక్కర్ చేప అని అమ్మే మామూలు ప్లెకో అడుగు దాటుతుంది. నాచు తింటుందని తెస్తారు, దాని మలంతోనే నీళ్లు పాడవుతాయి. బాలా షార్క్ కూడా అడుగు దాటేదే. పంగాసియస్‌ని చిన్నప్పుడు షార్క్ పేరుతో అమ్ముతారు, అది మీటరు దాటే చేప. ఆస్కార్ అడుగు పెరిగి తోటి చిన్న చేపల్ని మింగేస్తుంది. క్లౌన్ లోచ్ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ముప్పు ఆలస్యంగా తెలుస్తుంది, కానీ చివరికి 25 సెంటీమీటర్ల చేపలు ఆరేడు అవుతాయి. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి, మలం ఎక్కువ, టెట్రాలతో దానికి పొత్తు కుదరదు.

"ట్యాంకును బట్టి చేప ఎదుగుతుందిలే" అనే మాట నమ్మకండి. ఇరుకు ట్యాంకులో చేప ఎదగకపోతే నీళ్లు బాగోక, ఒత్తిడి వల్ల ఆగిపోయినట్టు. ఆయుష్షు కూడా దానితోపాటే తగ్గుతుంది.

నీళ్లు మోసేది ఎవరు?

కమ్యూనిటీ ట్యాంకుకు వారానికి పావు వంతు నీళ్లు మార్చడం మంచి అలవాటు. 71 లీటర్లదానికి ఒక బకెట్. మూడడుగులదానికి 35 నుంచి 40 లీటర్లు, రెండు మూడు బకెట్లు. నాలుగడుగులదానికి 55, 60 లీటర్లు. పైపు వేసి పంపు నుంచి నింపుకునే వీలుంటే పెద్దది పెద్ద కష్టం కాదు (క్లోరిన్ ఉన్న నీళ్లయితే ముందు క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి). బకెట్లతో మోయాల్సి వస్తే మాత్రం మీ ఓపికను నిజాయితీగా బేరీజు వేసుకోండి. చేపల పెంపకం మానేసేవాళ్లలో చాలామందిని విసిగించేది చేపలు కాదు, ఈ మోతే. వారం వారం చక్కగా చూసుకునే రెండడుగుల ట్యాంకు, నెలకోసారి గుర్తొచ్చే నాలుగడుగులదానికంటే ఎంతో మేలు.

ఫిల్టర్ గంటకు ట్యాంకు నీళ్లను నాలుగైదు సార్లు తిప్పేది అయితే సరిపోతుంది, అంటే 71 లీటర్లకు గంటకు 300 లీటర్ల పైచిలుకు, 159 లీటర్లకు 650 నుంచి 800. హీటర్ అవసరమైన చోట లీటరుకు ఒక వాటు ఉజ్జాయింపు. మూడడుగులు, ఆపైన ఒక పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి రెండు చివర్ల పెడితే ఒకటి చెడినా చేపలు బతుకుతాయి.

సైజు పెద్దదైతే చేపల్ని వెంటనే వదలొచ్చు అనుకోవద్దు. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఏ సైజు ట్యాంకులోనైనా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా ఒక్కో గుంపును కొన్ని వారాల ఎడంతో తేవాలి.

మీ పరిస్థితిని బట్టి

తరచూ ఇల్లు మారేవాళ్లు రెండడుగులు దాటొద్దు. ఖాళీ చేస్తే ఇద్దరు మోసుకెళ్లొచ్చు. స్థిరంగా ఉండేవాళ్లు, ఇంకా ఏ చేపలు కావాలో తేల్చుకోనివాళ్లు 36×15×18 తీసుకుంటే తర్వాత మనసు మారినా దారి మూసుకుపోదు. గోడ వార రెండున్నర అడుగులే చోటుంటే 30×12×18 కంటే 30×15×15 అడిగి చేయించుకోండి. నీళ్లు దాదాపు సమానమే, ఉపరితలం 360 నుంచి 450 చదరపు అంగుళాలకు పెరుగుతుంది. ఆరు పలకల ట్యాంకులు, స్తంభాల్లాంటివి అందానికే. వాటిలో పెట్టాల్సి వస్తే ఈత తక్కువున్న ఒకట్రెండు చేపలే పెట్టండి.

ఇప్పటికే ఇంట్లో అడుగున్నర ట్యాంకు ఉంటే పారేయకండి. పెద్దది కొన్నాక అది క్వారంటైన్‌కు పనికొస్తుంది. కొత్తగా తెచ్చిన చేపల్ని అందులో రెండు నుంచి నాలుగు వారాలు ఉంచి, తెల్ల మచ్చల వంటి జబ్బు ఏదీ లేదని చూసుకున్నాకే పెద్ద ట్యాంకులోకి వదలండి. అందులో రాళ్లు వేయక్కర్లేదు, దాక్కోవడానికి ఒక పైపు ముక్క చాలు. దానికి వాడే స్పాంజ్ ఫిల్టర్‌ను మామూలు రోజుల్లో పెద్ద ట్యాంకులోనే నడుపుతూ ఉంచితే బాక్టీరియా పట్టి సిద్ధంగా ఉంటుంది. ఒకసారి క్వారంటైన్‌లో వాడిన స్పాంజిని బాగా కడిగి, ఆరబెట్టాకే మళ్లీ పెద్ద ట్యాంకులో పెట్టండి.